ఊపిరి గొట్టం

రావులపాలెం దాటాక, లాకుల దగ్గర
రొయ్యల లారీ కాలవలోకి ఒరిగిన రాత్రి
వెనక చక్రాలు ములిగేదాకా
నా బండిని గట్టు దింపాను.

అప్పటికే తణుకు నుంచి
ఇటుకల లారీని తోకకి కట్టుకుని వచ్చి ఉన్నాను.
గుండు కాలిపోతోంది.
గుండంటే డిఫరెన్షియల్, మా షెడ్డు భాషలో.
రెండు చక్రాల మధ్య వేలాడే ఇనప గుమ్మడికాయ,
మలుపులో ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ
తగువు రాకుండా పంచిపెట్టే పెద్దమనిషి.

కాలవ నీళ్ళు తగలగానే అది గుటక వేసింది.
నాకు వినపడలేదు.
వించి మోత, ఒడ్డున కేకలు,
ఐసు పెట్టెల్లోంచి జారిన రొయ్యల కోసం
తువ్వాళ్ళు పట్టుకుని చీకట్లో దిగిన కుర్రాళ్ళు.
బండి ఊపిరి పీల్చుకుంటే ఎవడు వింటాడు?

పదకొండో రోజున
సిద్ధాంతం వంతెన మీద, బరువుతో, నాలుగో గేరులో
సన్నటి ఏడుపు మొదలైంది.
కాలు తీస్తే ఆగేది, తొక్కితే అందుకునేది.
రేడియో పెంచుకుని
ఇంకో నాలుగు రోజులు విననట్టే తిరిగాను.

యేసుపాదం గుంతలోకి దిగాడు, బీడీ చెవిలో దోపుకుని.
"పైది ముందిప్పాలండి.
పోసే బిరడా ఊడదనుకోండి, కిందది ఇప్పేసి ఏం చేత్తారు?
ఉన్నదీ పోద్ది, పోసే దారీ ఉండదు."
ఇది వాళ్ళ గురువు మాటట.
ఆ గురువు పేరు మాత్రం చెప్పడు,
స్పానరుతో కొట్టాడని కోపం ఇంకా.

తేనె రంగులో రావలసింది
పాలు విరిగిన టీలా
బొళుక్కున దిగింది బొచ్చెలోకి.
"తాగేసిందండి. బాగా తాగేసింది."

బిరడా అయస్కాంతానికి
ఎలక బొచ్చులాంటి ఇనప పొడి.
దీపం కింద వేళ్ళతో నలిపాడు.
"పొడైతే పర్లేదు. పలుకు తగిల్తే ఏడవాలి."
మళ్ళీ నలిపాడు.
వడ్లగింజ కొరికి తేమ చూసే దళారీ ముందు
రైతులా నిలబడ్డాను నేను.
పలుకు లేదు.

"పుస్తకంలో రాసిన లెక్క ఇంకా రాలేదే" అన్నాను.
"పుస్తకం రాసినాయన ఖాళీ బండి తిప్పుంటాడండి.
మీది ఊళ్ళో చెడిపోయినవన్నీ ఈడ్చుకొచ్చే బండి.
సగానికే మార్చాలి.
నీళ్ళలో దిగిందా, ఇంక లెక్కే లేదు, తెల్లారేసరికి ఇప్పి చూడాలి.
ఒళ్ళు కాలిపోతున్నప్పుడు చన్నీళ్ళలో దింపితే
లోపలి గాలి ముడుచుకుపోద్ది.
ఇదిగో, ఈ ఊపిరి గొట్టం.
గాలి దొరక్క కాలవని పీల్చేసింది."

చిటికెన వేలంత గొట్టం. టోపీ ఎప్పుడు ఊడిందో.
ఎనిమిదేళ్ళు నా వెనకే ఉంది,
పేరైనా అడగలేదు.

దానికి రబ్బరు పైపు తొడిగి
కేబిను వెనక భుజమెత్తు దాకా లాగి కట్టాడు.
కొత్త ఆయిలు పాకంలా దిగింది
కంత అంచున ఒక చుక్క జారేదాకా.
వేలు మడిచి లోపల పెట్టి చూశాడు.
"మీరూ పెట్టండి."
పెట్టాను. చల్లగా, నున్నగా
గేరు పన్ను ఒకటి తగిలింది.
ఇన్నేళ్ళూ నాకు అన్నం నమిలి పెట్టిన పన్ను.

ఆ వాసన రెండు రోజులు పోలేదు,
కుంకుడుకాయకీ, నిమ్మచెక్కకీ.
పెసరట్టు వడ్డిస్తూ మంగతాయారు
"మురిగిన వెల్లుల్లి" అని మొహం తిప్పుకుంది.

డాష్‌బోర్డు మీద మేకుతో గీశాను,
తేదీ, కిలోమీటర్లు.
పక్కన కొంచెం జాగా వదిలాను,
కాలవ దిగినప్పుడల్లా ఒక అడ్డగీత పెట్టుకోవడానికి.

నిన్న రాత్రి ఆలమూరు వైపు నుంచి ఫోను.
కొబ్బరికాయల వ్యాను, పంటబోదిలో.
ఇదివరకైతే ఎంతిస్తారని అడిగేవాణ్ణి.
"నీళ్ళెంత లోతు?" అన్నాను.

వెళ్ళి, గట్టు మీదే బండి ఆపి
కిందికి దూరి గుండు మీద అరచెయ్యి వేశాను.
ఇంకా వేడిగానే ఉంది.
వ్యాను డ్రైవరు అరుస్తున్నాడు.
టీ ఉందా అని అడిగాను.